రాత్రి తిరిగే చేపలు

జూన్ పదకొండు. ఆ ఉదయం మేమిద్దరం తిన్నవి వెన్న రాసి కాల్చిన రొట్టె ముక్కలు, చెరో ఉడికించిన గుడ్డు. నాకది ఆ రోజుకు మొదటి తిండి, మా మామగారికి ఆఖరిది. ఆయన నలభై ఏళ్ళు రొట్టెల బట్టీలో రాత్రిపని చేసిన మనిషి. ఊరు పడుకున్నాక పిండి కలపడం, తెల్లవారేసరికి వేడి రొట్టె దుకాణాలకు పంపడం, అప్పుడు ఇంటికొచ్చి నిద్రపోవడం. పని మానేసి చాలాకాలమైనా ఒళ్ళు ఆ పద్ధతి మానలేదు. నేను ఆఫీసుకు బయల్దేరే వేళకు ఆయన పక్క దులుపుకునేవారు. నేను పక్క ఎక్కే వేళకు ఆయన మొహం కడుక్కుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, డ్యూటీకి వచ్చినట్టు హాల్లో కూర్చునేవారు.

మా ఆవిడ జబ్బు ముదిరిన చలికాలంలో కూతుర్ని చూసుకోవడానికి వచ్చారు. రాత్రిళ్ళు ఆమె దగ్గర కూర్చునే పని తనే తీసుకున్నారు. "నాకెలాగూ నిద్ర రాదు బాబూ, నువ్వు పోయి పడుకో" అనేవారు. ఎండలు ముదరకముందే ఆమె వెళ్ళిపోయింది. ఆయన ఉండిపోయారు. ఉండమని నేననలేదు, వెళతానని ఆయన అనలేదు.

ఆ ఉదయం గుడ్డు పెంకు ఒలుస్తూ ఉండగా బావమరిది ఫోన్ చేశాడు. అతను పక్క ఊళ్ళో టైర్ల దుకాణం నడుపుతాడు. దుకాణంలో చప్పుడెక్కువ కాబట్టి ఎక్కడున్నా గట్టిగానే మాట్లాడతాడు.

"బావా, మేడమీద నాన్నకోసం గది వేయిస్తున్నా. ఈ వానలు తగ్గగానే వచ్చి తీసుకెళ్తా. అక్క ఉన్నన్నాళ్ళూ సరే. ఇంకా మీమీద భారం వేసి కూర్చుంటే నాకేం బాగుంటుంది చెప్పు."

భారమేమీ లేదన్న మాట నాలుక కొసదాకా వచ్చి ఆగిపోయింది. కొడుకు తండ్రిని తీసుకెళ్తానంటే వద్దనడానికి, కూతురే లేని ఇంట్లో అల్లుణ్ణి నేనెవర్ని. ఫోన్ ఆయనకిచ్చాను. ఆయన కాసేపు విని, "నీ ఇష్టంరా" అన్నారు. కొడుకు ఏమన్నా ఆయన అనే మాట అదే.

ఫోన్ పెట్టేసి రొట్టె ముక్క టీలో ముంచుకుంటూ, గోడవారనున్న అద్దాల తొట్టివైపు చూశారు.

"ఈ చేపలు నాకు పనికి రావడం లేదు బాబూ. నేను లేచేసరికి ఇవి పడుకుంటున్నాయి."

ఆ తొట్టి మా ఆవిడ మంచం పట్టినప్పుడు కొన్నది. హాల్లో ఆమె మంచం వేసిన వైపు ఉత్త గోడే కనిపించేదని అక్కడ పెట్టాం. అందులో వెడల్పాటి వెండిరంగు చేపలు నాలుగుండేవి. పగలంతా హుషారుగా తిరిగి, దీపం ఆర్పగానే ఒక మూల చేరి రెక్కలు ముడుచుకునేవి.

"రాత్రి తిరిగే చేపలు ఉంటాయేమో అడిగొద్దామా?" అన్నాను.

"ఉంటాయా?" అన్నారు. అంతకుముందు కొన్ని వారాలుగా ఆయన గొంతులో ఏ ప్రశ్నా వినలేదు నేను.

*

చేపల దుకాణం నడిపే ఆవిడ నడివయసు మనిషి. తలకు గుడ్డ, మోచేతులదాకా తడి. మామగారు తిన్నగా ఆవిడ ముందుకెళ్ళి, పావుకిలో ఉప్పు అడిగినట్టు అడిగారు.

"రాత్రి మేలుకునే చేపలు కావాలమ్మా."

"ఎవరికి తాతగారూ?"

"తాతగారేంటి? నీకూ నాకూ పదేళ్ళు తేడా ఉంటుందేమో."

"అయితే అన్నయ్యగారూ, ఎవరికి?"

"నాకే. నేను రాత్రంతా మేలుకునుంటాను. ఉన్న చేపలేమో దీపం తీయగానే గురకపెడుతున్నాయి."

"చేపలు గురకపెట్టవండీ."

"పెట్టినా బాగుండేది. తోడన్నా ఉండేది."

ఆవిడ నవ్వలేదు. ఆయన మొహం ఒకసారి చూసి, చేతులు తుడుచుకుని, తొట్టి ఎంత పొడవో, అడుగున ఏముందో, పైన ఏం తిరుగుతున్నాయో అన్నీ అడిగింది. గజం పొడవు, అడుగున రంగురాళ్ళు, పైన నాలుగు వెండి చేపలు అని చెప్పాను.

"రాళ్ళు తీసేయండి. రాత్రి తిరిగేవన్నీ అడుగున తిరిగేవే, క్యాట్‌ఫిష్‌లూ లోచ్‌లూ. గరుకు రాళ్ళమీద మూతి రాసి రాసి మీసాలు అరిగిపోతాయి పాపం. మెత్తటి ఇసుక పోయండి."

నేను అద్దాల వెంట నడుస్తూ నచ్చినవి చూపించాను. అద్దానికి మూతి అతికించుకుని ఉన్న పసుపుపచ్చ చేపను చూపిస్తే, "ఇప్పుడు బుద్ధిమంతుడే. పెద్దయ్యాక పక్కవాళ్ళ ఒంటిమీద జిగురు చీకుతాడు" అంది. నల్లపట్టీల నారింజరంగు లోచ్‌ను చూపిస్తే, "ఇవాళ వేలెడు, రెండేళ్ళకు జానెడు. మీ తొట్టి దానికి కాలు చాపుకోను చాలదు" అంది.

"అడుగున తిరిగేవాటికి అడుగే ఇల్లండీ. పైన ఎన్ని నీళ్ళున్నా వాటికక్కర్లేదు. ఒక అడుగుమీద రెండు రకాలు పెట్టాలంటే రెండూ నెమ్మదస్తులవ్వాలి. ఏది కొన్నా రంగు చూడకండి, నోరు చూడండి. ఆ నోట్లో పట్టేదేదైనా రాత్రికి దాని మేతే."

"పెళ్ళిసంబంధం చూసినట్టుంది" అన్నారు మామగారు.

"సంబంధాలు ఇంత చూసి ఎవరు చేస్తున్నారండీ" అంది ఆవిడ. ఆ మాటకు ముగ్గురం నవ్వాం.

చివరికి ఆవిడే ఏరింది. బొటనవేలంత ఉండి, మూతికింద పొట్టి మీసాలున్న క్యాట్‌ఫిష్‌లు ఒక రకం. పసుపూ గోధుమరంగూ పట్టీలతో సన్నని తాడు ముక్కల్లా మెలికలు తిరిగే లోచ్‌లు ఒక రకం.

"రెండేసి ఇవ్వండి" అన్నాను.

"ఇవ్వను. గుంపులో బతికేవండీ ఇవి. విడిగా ఉంచితే తిండి మానేసి మూల పట్టుకుంటాయి."

మామగారు తలెత్తి ఆవిణ్ణి చూసి, మళ్ళీ చేపలవైపు తిరిగారు. మీసాలవి ఆరు, పట్టీలవి ఐదు సంచుల్లో పోయించుకున్నాం.

"మీసాలవి ఉండుండి పైకి దూసుకొచ్చి గాలి మింగి పోతాయి. ఊపిరాడక అనుకుని కంగారుపడకండి, వాటి అలవాటు. వలతో పట్టకండి, రెక్కల ముళ్ళు వలలో ఇరుక్కుంటాయి. గిన్నె ముంచి పట్టాలి" అని గుమ్మందాకా వచ్చి చెప్పింది.

*

ఆ రోజు ఆయన పగటి నిద్ర మానేశారు. ఇంటికి రాగానే చేపల్ని నీళ్ళ బక్కెట్లోకి వదిలి, తన పెట్టె అడుగునుంచి ఇత్తడి చట్రమున్న పెద్ద జల్లెడ తీశారు. బట్టీలో పిండి జల్లించినది. పెరట్లో గోనెసంచి పరిచి, పీటమీద కూర్చుని, నేను తెప్పించిన ఇసుకంతా జల్లించారు. జల్లెడను అరచేతితో తట్టే తీరు చూస్తే ఇసుకలోంచి రొట్టె లేస్తుందేమో అనిపించింది. ముంజేతులమీద బట్టీ వాతలు, పాతబడి తెల్లగా, నిచ్చెన మెట్లలా వరసగా ఉన్నాయి. మిగిలిన గులకరాళ్ళు కుండీలో పోసి, కిందపడ్డ మెత్తటి ఇసుకను నీళ్ళు తేరేదాకా కడిగారు. నేను నగరం మంచినీటి ప్రయోగశాలలో నీళ్ళు పరీక్షించే ఉద్యోగం చేసేవాణ్ణి. తొట్టిలో పోసే నీళ్ళు ఎన్ని గంటలు నిలవుంచాలో చెప్పడం వరకే నా వంతు. చేపలు కొత్త నీళ్ళకు కొద్దికొద్దిగా అలవాటు పడ్డాక, నీళ్ళ వెచ్చదనం మణికట్టు లోపలివైపుతో చూసి, ఆయన వాటిని తొట్టిలోకి వదిలారు.

చీకటి పడ్డాక, చేపలకు వెలుతురు తెలియకుండా దీపానికి ఎర్ర కాగితం చుట్టారు. మొదట ఏమీ లేదు. తర్వాత ఇసుకలోంచి ఒక మూతి, ఇంకోటి. పట్టీలవాళ్ళు ఒకరిమీదుగా ఒకరు జారుతూ అద్దమంతా కొలిచారు. మీసాలవాళ్ళు గుంపుగా ముందుకెళ్ళి, ఆగి, వెనక్కొచ్చి, ఇసుకలో ముక్కులు దూర్చి, ఏదో పోగొట్టుకున్నవాళ్ళలా వెతికారు. ఆయన మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, కదలకుండా చూశారు.

"వచ్చారు బాబూ, రాత్రి షిఫ్టువాళ్ళు" అన్నారు.

నేను వెళ్ళి పడుకున్నాను. మా ఆవిడ జబ్బు పడ్డప్పటినుంచి నాకు సరైన నిద్ర లేదు. చిన్న చప్పుడుకు లేచి కూర్చోవడం అలవాటైపోయింది. ఆమె పోయాక చప్పుడు లేకపోయినా లేచేవాణ్ణి. ఆ వానల్లో మాత్రం, హాల్లో కుర్చీ కిర్రుమనడం, గ్లాసు బల్లమీద పెట్టడం, ఆయన చేపలతో ఏదో అంటూ ఉండటం వినిపిస్తుంటే కళ్ళు వాటంతటవే మూతపడేవి. ఇంట్లో ఒకరు మేలుకుని ఉన్నారు. అంతకుమించి ఏమీ అక్కర్లేకపోయింది. పొద్దున రొట్టె కాల్చుకుంటూ ఆయన రాత్రి సంగతులు చెప్పేవారు. ఎవరు ఎవరి వెంటపడ్డారు, ఎవరు మేత దగ్గర మొహమాటపడ్డారు. నేను నా రోజు సంగతులు సాయంత్రం చెప్పేవాణ్ణి. మా ఇద్దరికీ మధ్య అంతవరకు ఎప్పుడూ ఆమె ఉండేది. ఆమె గురించి తప్ప మేం మాట్లాడుకున్నది లేదు. ఇప్పుడు మాట్లాడుకోవడానికి ఇంకొకటి దొరికింది.

*

ఆగస్టు చివర్లో ఒక ఆదివారం బావమరిది చెప్పకుండా వచ్చాడు. చేతిలో నీళ్ళు నింపిన పెద్ద ప్లాస్టిక్ సంచి.

"చేపల మోజులో పడ్డావటగా నాన్నా. చూడు, మా ఊరి దుకాణంలో ఉన్నవాటిలో రాజాలాంటిది తెచ్చా."

నిజంగానే అందమైనది. వెండి ఒంటిమీద నల్లచుక్కలు, ఒంటి పొడవునా వెనక్కి సాగిన తెల్లటి మీసాలు. అదీ క్యాట్‌ఫిష్షే. నా అరచెయ్యంత ఉంది. నేను దాని నోరు చూశాను. మామగారూ చూశారు. అప్పుడు ఒకరి మొహం ఒకరం మాత్రం చూసుకోలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు కొడుకు.

"బాగుందిరా. చాలా బాగుంది."

"మరి వదులు, చూద్దాం."

ఆయన చెయ్యి సంచి మూతిమీద కాసేపు ఆగింది. నావైపు తిరుగుతారేమో అనుకున్నాను. తిరగలేదు. ముడి విప్పి వదిలారు. అది ఒక్క చుట్టు తిరిగి మూలనున్న నీటి మొక్క వెనక్కి వెళ్ళి నిలబడింది.

భోజనాల దగ్గర అతను గది సంగతి చెప్పాడు. గోడలకు సున్నం అయిపోయింది. తండ్రికి పగలు నిద్ర పట్టాలని కిటికీలకు మందపాటి తెరలు దగ్గరుండి కుట్టించాడు. తన కూతురికి అప్పుడే మెట్లమీద నెమ్మదిగా నడవడం నేర్పుతున్నాడు. వింటుంటే తప్పుపట్టడానికి ఒక్క ముక్క దొరకలేదు నాకు. ఎక్కడో దొరుకుతుందని వెతుక్కున్నానని ఇప్పుడు తెలుస్తోంది.

"నెల తిరిగేసరికి వానలు తగ్గుతాయి. బండి తెస్తా. సరేనా నాన్నా?"

"నీ ఇష్టంరా."

*

తర్వాత రోజుల్లో పట్టీలవాళ్ళు కనిపించడం తగ్గింది. నేను చూసేది సాయంత్రం కాసేపే. ఇసుకలో దూరి ఉంటాయనుకున్నాను. పొద్దున రొట్టె దగ్గర ఆయన చేపల కబుర్లు చెప్పడం మానేశారు. గుడ్డు పెంకు ఒలిచి, పెంకులన్నీ ఒకచోట చేర్చి, లేచి వెళ్ళి పడుకునేవారు. ప్రయాణం దిగులేమో అనుకున్నాను. బావమరిది ఫోన్ చేసి తను తెచ్చిన చేప ఎలా ఉందని అడిగినప్పుడు, ఆయన "బాగా తింటోందిరా" అనడం విన్నాను.

ఒక తెల్లవారుజామున గట్టి వానకు మెలకువ వచ్చింది. హాల్లోకి వెళ్ళేసరికి ఆయన తొట్టికి వీపు పెట్టి కూర్చుని ఉన్నారు. కుర్చీ గోడవైపు తిప్పి ఉంది. ఎర్ర వెలుతురులో చుక్కల చేప ఒక్కటే తొట్టి ఈ చివరినుంచి ఆ చివరికి తీరిగ్గా తిరుగుతోంది. మీసాలవాళ్ళు మొక్క వెనక ఒకరినొకరు ఒరుసుకుని ఉన్నారు.

"అటు తిరిగి కూర్చున్నారేం మామయ్యగారూ?"

"చూడలేక" అన్నారు.

నేను పక్కనే పీట లాక్కుని కూర్చున్నాను.

"ఇది వచ్చిన రాత్రే ఒకటి పోయింది బాబూ. సగం దీని నోట్లో, సగం బయట. తోక ఆడుతూనే ఉంది. వెండివి దీని నోటికి పట్టవు. మీసాలవాళ్ళను ముట్టుకోదు. వాళ్ళకు ముళ్ళున్నాయిగా. పట్టీలవాళ్ళకు ఏమీ లేవు. ఇప్పటికి నాలుగు."

"చెప్పలేదేం నాతో?"

"ఏమని చెప్పను? వాడు ముచ్చటపడి తెచ్చాడు. పనిగట్టుకుని అంతదూరం, కదలకుండా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు." గోడవైపే చూస్తూ, "ఆ రోజు నువ్వన్నా వద్దంటావనుకున్నాను" అన్నారు.

"మీ అబ్బాయి తెచ్చింది. వద్దనడానికి నేనెవర్ని అనుకున్నాను."

"బాగానే ఉంది. నువ్వు నాకోసం ఊరుకున్నావు, నేను వాడికోసం ఊరుకున్నాను. అది మాత్రం కడుపునిండా తింటోంది."

వాన కిటికీ రెక్కమీద కొడుతూనే ఉంది. ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. పిండి కలిపే వెడల్పాటి గిన్నె తీసుకొచ్చి, చొక్కా చేతులు మోచేతిపైకి మడిచి, తొట్టిలో ముంచారు. తొందరపడలేదు. గిన్నెను ఇసుకమీద ఆనించి అలాగే ఉంచారు. చేప రెండుసార్లు పక్కనుంచి పోయి, మూడోసారి గిన్నెలోకి వచ్చింది. పైకి తీసి, మూతగా పళ్ళెం పెట్టి, బల్లమీద ఉంచారు.

"దుకాణం ఎన్నింటికి తీస్తారు?" అన్నారు.

"మీరు పడుకోవాలిగా."

"ఇవాళ్టికి ఓవర్‌టైమ్" అన్నారు.

దుకాణం ఆవిడ గిన్నెలోకి చూసి సంగతంతా గ్రహించింది. ఎవరిదని అడగలేదు.

"దీని తప్పేం లేదండీ, దాని ఆకలి దానిది. నా దగ్గర పెద్ద తొట్టి ఉంది, తనంతవాళ్ళతో ఉంటుంది" అని తీసుకుంది. ఒక్క లోచ్ మిగిలిందని చెబితే, సరుకు వచ్చే వారం వస్తుందని, అంతవరకు ఏం చెయ్యగలమని అంది.

ఆ సాయంత్రమే చూశాను. మిగిలిన ఆ ఒక్కటీ మొక్క కింద మీసాలవాళ్ళ మధ్య దూరి పడుకుని ఉంది. వాళ్ళు కదిలితే కదులుతోంది.

*

ఫోన్ ఆయనే చేశారు. నిద్రలేచి, మొహం కడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని. నేను వంటింట్లో గిన్నె తోముతున్నాను. అటువైపు మాట వినపడటంలేదు. ఎప్పుడూ అరిచే మనిషి, ఆ రోజు నెమ్మదిగా మాట్లాడుతున్నట్టున్నాడు.

"ఒరేయ్, నువ్విచ్చిన చేపను దుకాణంలో ఇచ్చేశాన్రా... చావలేదు. నిక్షేపంలా ఉంది. దానికీ తొట్టి చాలదు... లేదు, మీ బావేం అనలేదు. మీ బావ అసలేం అనడు, అదే నా బాధ."

నేను కుళాయి కట్టేశాను.

"గది సంగతి విన్నాను. తెరలు కూడా. నా కొడుకు అంత చేశాడని నలుగురితో చెప్పుకుంటాను... అది కాదురా. నేను ఇక్కడే ఉంటాను." చాలాసేపు విన్నారు. "చోటా? నాకు చాలుతుంది."

కుర్చీ కిర్రుమంది.

"ఏడవకు. టైర్ల మధ్య కూర్చుని ఏడిస్తే బేరానికొచ్చినవాళ్ళేమనుకుంటారు. వస్తాను. నెలకోసారి వస్తాను. వచ్చినప్పుడు ఆ తెరలు వేసుకునే పడుకుంటాను. పిల్లను మామూలుగానే నడవమను."

ఫోన్ పెట్టి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. కొడుకు ముందు కూడా అంత బెరుగ్గా నిలబడటం చూడలేదు నేను.

"నీ ఇల్లు. నిన్నడక్కుండా చెప్పేశాను."

"అడిగుంటే నేనేం చెప్పగలిగేవాణ్ణి కాదు" అన్నాను. గిన్నె బోర్లించాను. ఇంకొక మాట కూడా అనకపోతే అది ఎప్పటికీ అనలేనని తెలిసింది. "మీరు హాల్లో తిరుగుతుంటేనే నాకు నిద్ర పడుతోంది మామయ్యగారూ."

"చప్పుడు చేస్తున్నానా?"

"చేస్తున్నారు. తగ్గించకండి."

ఆయన తలూపి, టీ పెట్టుకోవడానికి పొయ్యి దగ్గరికి వచ్చారు. నేను పక్కకు జరిగాను.

ఆ రాత్రి నేను త్వరగా పడుకున్నాను. వాన తెరిపిచ్చింది, చూరునుంచి బొట్లు మాత్రం పడుతున్నాయి. ఆయన తొట్టిలో మేత వేసి, కుర్చీని మళ్ళీ తొట్టివైపు తిప్పుకున్న చప్పుడు విన్నాను. కాసేపటికి లేచి నా గది గుమ్మం దగ్గరికి వచ్చారు. హాల్లో ఎర్ర వెలుతురు నా మొహంమీద పడుతోంది. నేను నిద్రపోయాననుకున్నారు. తడి చేతులు చొక్కాకు తుడుచుకుని, తలుపు మెల్లగా దగ్గరికి వేశారు.